ప్లేయర్ కొనేముందు రికార్డుల పెట్టె తెరవండి

తక్కువ బడ్జెట్‌లో మంచి టర్న్‌టేబుల్, అంటే రికార్డు ప్లేయర్, ఏది అని వెతికితే జాబితాలకు కొదవ లేదు. ఈమధ్య వాటిని వరసబెట్టి చదవాల్సి వచ్చింది. కాకినాడలో మా పిన్నివాళ్ళు ఇల్లు మారుతుంటే అటక మీంచి ఒక రేకుపెట్టె దిగింది. నిండా మా బాబాయి రికార్డులు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పెట్టె సంగతి ఎవరికీ గుర్తు లేదు. పిన్ని కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, పదివేలల్లో మంచి రికార్డు ప్లేయర్ ఒకటి చెప్పు, నాన్న పాటలు వినాలి" అంది. నాకు ఈ పిచ్చి ఉందని చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకే వస్తాయి.

జాబితాలన్నీ ఒకేలా ఉన్నాయి. సౌండ్ ఎలా ఉంది, చూడ్డానికి ఎలా ఉంది, బ్లూటూత్ ఉందా, యాప్ ఉందా. రాసినవాళ్ళకి విషయం తెలియక కాదు. వాళ్ళ మనసులో ఉన్న మనిషి వేరు. ఆ మనిషి షాపుకెళ్ళి కొత్తగా అచ్చయిన ఎల్పీ కొంటాడు, నిమిషానికి 33 చుట్ల స్పీడులో వింటాడు, గీత పడితే ఇంకో కాపీ తెచ్చుకుంటాడు. "నీ దగ్గర ఏ రికార్డులున్నాయి?" అని అతన్ని ఎవరూ అడగక్కర్లేదు.

మన సంగతి అలా కాదు. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఉన్న రికార్డుల్లో ఎక్కువభాగం నలభై, యాభై, అరవై ఏళ్ళనాటివి. కలకత్తా దమ్‌దమ్‌లో అచ్చయి, మద్రాసు మీదుగా మన ఊళ్ళకి చేరినవి. పెద్ద హిట్ సినిమాల పాటలైతే ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ నాటక పద్యాలు, హరికథలు, పేరు కూడా గుర్తులేని సినిమాల్లో ఘంటసాల, లీల, పి.బి. శ్రీనివాస్ పాడినవి పాడైతే మళ్ళీ అచ్చు వేసే నాథుడు లేడు. అందుకని నా అభిప్రాయం ఇది: మన దగ్గర టర్న్‌టేబుల్ ఎంచుకునేటప్పుడు, అది ఎంత బాగా పాడుతుందన్నది రెండో ప్రశ్న. రికార్డుని ఎంత తక్కువ అరగదీస్తుందన్నది మొదటి ప్రశ్న. మొదటిదానికి సరైన జవాబు దొరికితే రెండోది చాలావరకు దానంతటదే తేలిపోతుంది కూడా.

పెట్టెలో ఏముంది

ఏది కొనాలో చెప్పకుండా, పెట్టె తెరిచి ఫొటోలు పంపమన్నాను. మా చెల్లెలికి కాస్త విసుగొచ్చింది గానీ పంపింది.

పైన ఏడంగుళాల ఈపీలు. ఒక్కో వైపు రెండేసి పాటలు, 45 స్పీడు. బాబాయి ప్రతి కవరు మూలలో నీలం సిరాతో కొన్న తేదీ, ఊరు రాసుకున్నారు. కొన్ని కవర్లు చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి కింద పన్నెండంగుళాల ఎల్పీలు కొన్ని: కచేరీలు, రెండు హిందీ సినిమాలు, ఒక వీణ. అడుగున ఆంధ్రప్రభ వారపత్రిక కాగితాల్లో చుట్టిన బరువైన ప్లేట్లు. అవి 78లు, అంటే 78 స్పీడులో తిరిగే లక్క ప్లేట్లు. అందులో ఒకటి అంచు దగ్గర వేలిగోరంత పెచ్చు ఊడిపోయి ఉంది.

ఇదీ మామూలు తెలుగు పెట్టె. ఇంచుమించు ఏ ఇంట్లో చూసినా ఈ మూడు పొరలూ ఉంటాయి. జాబితాలు రాసేవాళ్ళ ఇంట్లో ఉండేది మధ్య పొర ఒక్కటే.

మూడు పొరలకీ మూడు స్పీడులు, అంతవరకు అందరికీ తెలుసు. కానీ ముల్లు కూడా ఒక్కటి సరిపోదు. ఎల్పీకి, ఈపీకి వాడే గుండ్రటి ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 0.7 మిల్, అంటే అంగుళంలో వెయ్యో వంతుకన్నా తక్కువ. 78 ప్లేటు గాడి వెడల్పు ఎక్కువ కాబట్టి దానికి దాదాపు 3 మిల్ ముల్లు కావాలి. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే ఆ ముల్లు గాడి అడుగున దుమ్ములో పొర్లుతుంది, పాటకన్నా గరగర ఎక్కువ వినిపిస్తుంది. అదే 78 ముల్లుని ఎల్పీ మీద పెడితే ఇక ఆ ఎల్పీ గతి అంతే. నుమాయిష్‌లోనూ, హస్తకళల ఎగ్జిబిషన్లలోనూ మెరిసే ఇత్తడి పువ్వుతో గ్రామఫోన్లు అమ్ముతుంటారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. వాటి సౌండ్‌బాక్సు బరువు, ఉక్కు ముల్లు 78ల కోసం పుట్టినవి. అసలు ఆ కాలంలోనే ఒక్కో వైపు వినడానికి ఒక కొత్త ముల్లు వాడమని చెప్పేవారు. వాటిమీద వినైల్ రికార్డు, అంటే ఎల్పీ గానీ ఈపీ గానీ పెట్టి ఎవరైనా డెమో ఇవ్వబోతే ఆ రికార్డు మీది కాకుండా చూసుకోండి.

45 స్పీడు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంగ్లండులో తయారయ్యే రేగా ప్లానార్ 1 మీద నాకు గౌరవం ఉంది. ఆ ధరలో అంత శుభ్రంగా పాడేవి తక్కువ. కానీ 33 నుంచి 45కి మారాలంటే రికార్డు పెట్టే పళ్ళెం, అంటే ప్లాటర్ ఎత్తి, కింద బెల్టుని కప్పీ మీద ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి చేత్తో మార్చాలి. సమీక్షలు రాసేవాళ్ళు దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, ఎల్పీలే వినేవాళ్ళకి అదొక విషయం కాదు మరి. ఒక ఈపీ, తర్వాత ఒక ఎల్పీ, మళ్ళీ రెండు ఈపీలు వేసే ఇంట్లో వారం తిరక్కుండా విసుగు పుడుతుంది. పైగా 78 స్పీడు దాంట్లో లేనే లేదు.

ఆటోమేటిక్ గురించి కూడా ఇదే మాట. వైపు అయిపోగానే ముల్లున్న ఆర్మ్ తనంతట తనే లేచి వెనక్కి వచ్చే ప్లేయర్లంటే ఆడియో పిచ్చివాళ్ళకి చిన్నచూపు. అనవసరమైన యంత్రాంగం, దానివల్ల సౌండ్ పాడవుతుంది అంటారు. సూత్రంగా అది నిజమే కావచ్చు. కానీ ఈపీ ఒక వైపు ఆరేడు నిమిషాల్లో అయిపోతుంది. మా చెల్లెలు పాట పెట్టి వంటింట్లోకి వెళ్తుంది. పెనం మీద అట్టు ఉండగా ఎవరు పరిగెత్తుకొస్తారు? ఆ పావుగంటా ముల్లు చివరి గాడిలో ఊరికే తిరుగుతూ అరుగుతుంది. అలాంటి ఇంటికి ఆటోమేటిక్కే మేలు.

సూట్‌కేసు ప్లేయర్ల సంగతి

పదివేలు అనగానే తగిలేవి ఇవే. చిన్న సూట్‌కేసు ఆకారం, మూతకి తోలులాంటి రెగ్జిన్, లోపలే స్పీకర్లు. పెళ్ళికి బహుమతిగా ఇవ్వడానికి బావుంటాయి. ముల్లు కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు, లోపల ఉండేది సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జ్. ముల్లు మీద పడే బరువు అయిదారు గ్రాములు. మామూలు మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ రెండు నుంచి మూడు గ్రాముల్లో పని కానిస్తుంది. తేడా రెండు మూడు గ్రాములే కదా అనిపిస్తుంది, కానీ ఆ బరువంతా పడేది కంటికి కనిపించని మొన మీద. పైగా సిరామిక్ కార్ట్రిడ్జ్ ముల్లు బిగుసుగా ఉంటుంది, గాడి ఎటు వంగితే అటు తేలిగ్గా కదలదు. ప్లాటర్ రికార్డు కన్నా చిన్నది కాబట్టి ఎల్పీ అంచులు గాల్లో ఊగుతుంటాయి. స్పీకర్లు అదే పెట్టెలో ఉండటంవల్ల సౌండ్ పెంచితే ఆ అదురు మళ్ళీ ముల్లుకే చేరుతుంది.

దీనికి ఎదురుప్రశ్న ఒకటుంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మన నాన్నలూ బాబాయిలూ విన్నది దేనిమీద? హెచ్‌ఎంవీ ఫియెస్టా, కాలిప్సో లాంటి పెట్టెల మీదే. వాటిల్లోనూ సిరామిక్ కార్ట్రిడ్జే, వాటి బరువూ తక్కువేం కాదు. ఆ రికార్డులు ఇన్నేళ్ళు బతికాయిగా?

బతికాయి, కానీ దెబ్బలు తిని బతికాయి. పాత ఈపీ ఏదైనా మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పల్లవి బాగానే ఉంటుంది. చరణంలో సుశీల పైస్థాయికి వెళ్ళినప్పుడు, లేదా కోరస్ ఒక్కసారిగా ఎత్తుకున్నప్పుడు గొంతు అంచున సన్నగా చిర్రుమంటుంది. "స", "శ" దగ్గర ఉమ్మినట్టుంటుంది. అది పాత రికార్డింగ్ లోపం అనుకుంటారు చాలామంది. ఎక్కువసార్లు అది గాడి గోడ అరిగిన చప్పుడు. ఆ రోజుల్లో చవక ప్లేయర్లలో వజ్రం కాకుండా నీలం రాయి ముల్లు ఉండేది, అది వజ్రంతో పోలిస్తే చాలా త్వరగా అరిగిపోతుంది. అరిగిన ముల్లుకి పక్కల పదునైన అంచులు తేలతాయి, గాడి గోడల్ని చెక్కేస్తాయి. ముల్లు దొరక్క, లేదా డబ్బులు పెట్టలేక ఏళ్ళ తరబడి అదే ముల్లుతో నెట్టుకొచ్చిన ఇళ్ళు ఎన్నో.

ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సూట్‌కేసు ప్లేయర్ మీద ఒక్కసారి పెడితే రికార్డు నాశనమైపోతుందని కొందరు రాస్తుంటారు. అది భయపెట్టడమే. కొత్త ముల్లుతో అయిదు గ్రాముల దగ్గర ఒకటి రెండుసార్లు వింటే మీకు తేడా తెలియదు. నా అభ్యంతరం వేరే. అందులో మీరు బరువు సరిచేయలేరు, కొలవాలన్న ఆలోచన కూడా రాదు, ముల్లు ఎప్పుడు మార్చాలో ఎవరూ చెప్పరు. అరుగుదల నెమ్మదిగా జరుగుతుంది, తెలిసేసరికి చెయ్యడానికి ఏమీ ఉండదు.

మరి ఇప్పటికే అరిగిన రికార్డుకి ఇన్ని జాగ్రత్తలెందుకు? ఈ ప్రశ్న నన్నూ చాలాకాలం తికమక పెట్టింది. దీనికి మంచి జవాబే ఉంది. పాత గుండ్రటి ముల్లు గాడి గోడని ఒక ఎత్తులో తాకుతూ అక్కడే అరగదీసింది. ఎలిప్టికల్, మైక్రోలీనియర్ లాంటి సన్నంగా చెక్కిన ముల్లు గోడని వేరే చోట, ఇంకా అరగని చోట తాకగలదు. అన్ని రికార్డులకీ ఇది జరగదు, బాగా నలిగినవాటికి ఏ ముల్లూ చెయ్యగలిగింది లేదు. కానీ పనికిరాదని పక్కన పెట్టిన ఈపీ ఒకటి ముల్లు మార్చాక పాట మొత్తం శుభ్రంగా పాడటం నేను విన్నాను. పాతవాళ్ళ ప్లేయర్ కన్నా మన బడ్జెట్ ప్లేయర్ ఎక్కువ వినిపించగలదంటే కారణం ఇదే.

డబ్బు లెక్క

ఇక అసలు విషయం. నా లెక్కలో రెండే దారులున్నాయి. ధరలు పండగ సేల్‌ని బట్టి, డాలర్‌ని బట్టి మారుతుంటాయి కాబట్టి సుమారుగా చెప్తాను.

మొదటిది, ఇరవై వేల లోపు. ఆడియో-టెక్నికా ఏటీ-ఎల్‌పీ60ఎక్స్, లేదా ఆ తరహాది. సోనీ పీఎస్-ఎల్ఎక్స్310బీటీ కూడా ఇంచుమించు ఇదే కోవ. బెల్టుతో తిరుగుతుంది, పూర్తి ఆటోమేటిక్, 33, 45 స్పీడులు బటన్‌తో మారతాయి, ఏడంగుళాలా పన్నెండంగుళాలా అన్నది చెప్పడానికి చిన్న స్విచ్. ముల్లు బరువు మూడు గ్రాముల చుట్టుపక్కల కంపెనీవాళ్ళే బిగించి పంపుతారు, మీరు మార్చలేరు. మార్చలేకపోవడం లోపమే, కానీ కొత్తవాళ్ళ చేతిలో అదో రక్షణ కూడా. ముల్లు ఒక్కటే ఊడదీసి మార్చుకోవచ్చు, అది ఖరీదైనదేమీ కాదు. ఆ ముల్లు గుండ్రటిదే కాబట్టి ఇందాక చెప్పిన అరగని చోటి లాభం ఇందులో దక్కదు. 78 వెయ్యలేరు.

రెండోది, నలభై వేల చుట్టుపక్కల. అదే కంపెనీ ఏటీ-ఎల్‌పీ120ఎక్స్. డైరెక్ట్ డ్రైవ్, అంటే మోటారే ప్లాటర్‌ని నేరుగా తిప్పుతుంది, బెల్టు గొడవ లేదు. 33, 45, 78 మూడూ ఉన్నాయి. ఆర్మ్ వెనక తిప్పే బరువు ఉంది, దాంతో రెండు గ్రాములకి సరిగ్గా పెట్టుకోవచ్చు. దాంతో వచ్చే వీఎం95ఈ కార్ట్రిడ్జ్‌లో అసలు సుఖం ముల్లు మార్చడంలో ఉంది. ఎలిప్టికల్ ముల్లు లాగి, 78 కోసం చేసిన లావు ముల్లు తొడగొచ్చు. రేపు డబ్బులుంటే మైక్రోలీనియర్ తొడగొచ్చు. కార్ట్రిడ్జ్ మార్చక్కర్లేదు, స్క్రూలు విప్పక్కర్లేదు. ఆటోమేటిక్ మాత్రం కాదు, పాటవ్వగానే మీరే లేవాలి.

పరీక్షగా విన్నవాళ్ళెవరైనా రేగా దీనికన్నా బాగా పాడుతుందంటే నేను వాదించను. అయినా మూడు పొరల పెట్టె ఉన్న ఇంటికి నేను 120 చెప్తాను. పెట్టెలో 78లు లేకపోతే, వినేది వారానికి ఒకటి రెండుసార్లయితే 60 చాలు, మిగిలిన డబ్బు దాచుకోండి. ఈ రెంటికీ మధ్య ఉన్న మోడళ్ళమీద నేను పెద్దగా సమయం పెట్టలేదు, అవి మన పెట్టెకి కొత్తగా తెచ్చిచ్చేది తక్కువ.

మా చెల్లెలు మొదటి దారే పట్టింది, పదివేల నుంచి అక్కడికి ఎక్కించడానికే నాకు తలప్రాణం తోకకొచ్చింది. పార్సెల్ వచ్చిన రోజు సాయంత్రం వీడియో కాల్. "లైటు వెలుగుతోంది, తిరగట్లేదు. వెనక్కి పంపేస్తా" అని ఒకటే టెన్షన్. పైన రబ్బరు మ్యాట్ తియ్యమన్నాను. ప్లాటర్‌కి ఒక చిల్లు ఉంటుంది. ఆ చిల్లులోంచి చూస్తే లోపల బెల్టు, దానికి కట్టిన ఎర్ర రిబ్బను. రిబ్బను పట్టుకుని లాగి, పక్కనే ఉన్న ఇత్తడి కప్పీకి బెల్టు తగిలించి, రిబ్బను తీసెయ్యాలి. అంతే, తిరిగింది. రవాణాలో బెల్టు సాగిపోకుండా అలా పంపుతారు. దీని గురించి తెలియక మంచి ప్లేయర్లని వాపసు చేసేవాళ్ళు తక్కువేం కాదనుకుంటా.

తర్వాతి గండం వెనక ఉన్న ఫోనో/లైన్ స్విచ్. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు మాత్రమే. పైగా రికార్డు చెక్కేటప్పుడు బేస్ తగ్గించి, పై స్వరాలు పెంచి చెక్కుతారు, వినేటప్పుడు దాన్ని తిరగెయ్యాలి. ఆ పని చేసేదే ఫోనో ప్రీయాంప్. ఈ రెండు ప్లేయర్లలోనూ అది లోపలే ఉంది. హోమ్ థియేటర్ ఆక్స్‌కి కలిపి, స్విచ్ ఫోనో దగ్గరే ఉంచేస్తే ఎక్కడో బావిలోంచి దోమ పాడినట్టుంటుంది. లైన్‌కి మార్చండి. స్పీకర్లకి వేరే ఖర్చు పెట్టక్కర్లేదు, ఇంట్లో ఉన్నవాటితోనే మొదలుపెట్టండి.

ముల్లు ఆయుష్షు మాత్రం లెక్కలో వేసుకోండి. ఆడియో-టెక్నికావాళ్ళు చెప్పేదాని ప్రకారం గుండ్రటి ముల్లు 500 గంటలు, ఎలిప్టికల్ 300, మైక్రోలీనియర్ 1000. రోజుకి గంట వింటే ఎలిప్టికల్ ఏడాది లోపే అయిపోతుంది. కొన్న రోజు తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

మిగిలిన వెయ్యి రూపాయలు

ప్లేయర్ మీద అయిదువేలు ఎక్కువ పెట్టడంకన్నా రికార్డు కడగడం మీద అయిదు వందలు పెట్టడం ఎక్కువ పని చేస్తుందని నా గట్టి నమ్మకం. కోస్తా ఉక్కకి రికార్డుల మీద బూజు తెల్లటి మచ్చల్లా పడుతుంది. దాని మీద ఎంత మంచి ముల్లు పెట్టినా అది బూజునే చదువుతుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్, చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి కొత్త మైక్రోఫైబర్ గుడ్డ. గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యలో కాగితం లేబుల్ తడవకూడదు. చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి. పంపునీళ్ళు వద్దు, ఆరాక వాటిలోని ఉప్పు గాడిలోనే ఉండిపోతుంది. వినైల్‌కి కొందరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు, కలుపుకోవచ్చు. 78కి మాత్రం చుక్క కూడా వద్దు. అది లక్కతో చేసింది, ఆల్కహాల్‌లో కరుగుతుంది.

తర్వాత మట్టం. విదేశీ సమీక్షల్లో చెక్క నేలల మీద ఎవరైనా నడిస్తే ముల్లు ఎగురుతుందని పేజీలకి పేజీలు రాస్తారు. మన స్లాబు ఇళ్ళల్లో, టైల్స్ నేల మీద ఆ బెడద తక్కువ. కానీ మన షోకేసు అరలు ఒకవైపుకి వాలి ఉంటాయి. తాపీమేస్త్రీలు వాడే చిన్న రసమట్టం ఒకటి తెచ్చి ప్లాటర్ మీద రెండు వైపులా పెట్టి చూడండి. మార్బుల్ షాపులో మిగిలిపోయిన గ్రానైట్ ముక్క అడిగితే చవగ్గా ఇస్తారు, కింద పరిస్తే ప్లేయర్ కదలకుండా కూర్చుంటుంది. స్పీకర్లు అదే అర మీద పెట్టకండి. ఫ్యాను సరిగ్గా దాని నెత్తిన ఉండకుండా చూడండి, ఫ్యాను రెక్కల దుమ్మంతా తిరిగే రికార్డు మీదికే దిగుతుంది.

మోనో, అంటే ఒకే చానెల్ ఉన్న రికార్డులకి ఇంకో చిట్కా. మన పాత ఈపీల్లో చాలావరకు, 78లన్నీ మోనోయే. మీ ఆంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కండి. రెండు చానెళ్ళూ కలిసినప్పుడు ముల్లు పైకీ కిందకీ ఎగరడం వల్ల వచ్చే గరగర చాలా భాగం రద్దయిపోతుంది. ఖర్చు సున్నా.

వినడానికా, దాచడానికా?

ఇదంతా చదివి, "రికార్డులు వినడానికా, మ్యూజియంలో పెట్టడానికా?" అని ఎవరైనా అడిగితే నేను కాసేపు ఆగాల్సిందే. రాజమండ్రిలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఆయన దగ్గర పాత ఫియెస్టా ఉంది. రోజూ పొద్దున్నే కాఫీతో పాటు రెండు ఈపీలు వేస్తారు. నేను గ్రాముల లెక్క చెప్పబోతే నవ్వి, "అరిగితే అరగనీవయ్యా, నేను మాత్రం అరగట్లేదా? నువ్వు ముల్లు తూచేలోపల నేను నాలుగు పాటలు వినేస్తా" అన్నారు.

ఆయన మాటలో నిజం లేదనలేను. నాకు తెలిసిన మంచి ప్లేయర్లలో కొన్ని నెలల తరబడి మూత తియ్యకుండా పడున్నాయి. జాగ్రత్త ఎక్కువైతే వినడం తగ్గుతుంది, ఇది నా చుట్టూ ఉన్న పిచ్చివాళ్ళందరిలోనూ చూశాను. ఆ రికార్డులు ఆయన కొన్నవి, ఆయన వినేవి, ఆయన ఇష్టం. కానీ మా చెల్లెలి పెట్టె ఆమె కొన్నది కాదు. అందులో వాటా అడక్కపోయినా వినే హక్కున్న అక్కాచెల్లెళ్ళున్నారు, వాళ్ళ పిల్లలున్నారు. తను కొన్నదాన్ని అరగదీసుకోవడం వేరు, వచ్చినదాన్ని అరగదీయడం వేరు అని నాకనిపిస్తుంది. మాస్టారు దీనికీ ఒప్పుకోరని తెలుసు.

మధ్యేమార్గం ఒకటుంది. 120ఎక్స్ మోడళ్ళలో యూఎస్‌బీ ఉన్నది దొరుకుతుంది. రికార్డులు కడిగి, కొత్త ముల్లుతో ఒక్కొక్కటి ఒక్కసారి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే, తర్వాత ఎలా విన్నా అంత గుండె దడ ఉండదు. సొంతంగా కొనలేనివాళ్ళు ఉన్నవాళ్ళ దగ్గర ఒక ఆదివారం కూర్చుని ఈ పని చేసుకోవచ్చు. అప్పుడు చేతిలో పదివేలే ఉన్నా సరిపోతుంది, నిజానికి ఏమీ లేకపోయినా సరిపోతుంది. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయిగా అనేవాళ్ళకి ఒకటే మాట: అక్కడ ఉన్నవి కూడా ఎవరో ఒకరు ఇలా ఎక్కించినవే, మీ పెట్టెలో ఉన్నది అక్కడ ఉందో లేదో వెతికి చూడండి.

అమెరికా నుంచి వచ్చేవి, ఎర్రగడ్డలో దొరికేవి

తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా తగిలే చిక్కు ఇది. బావమరిది న్యూజెర్సీ నుంచి వస్తూ అక్కడ గరాజ్ సేల్‌లో చవగ్గా దొరికిన 1970ల నాటి టర్న్‌టేబుల్ తెస్తాడు. 120 వోల్టులది కాబట్టి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు. లైటు వెలుగుతుంది, తిరుగుతుంది, అందరూ సంతోషం. నాకు తెలిసిన ఒకాయన అలా తెప్పించుకుని, బాలమురళీకృష్ణ ఎల్పీ వేసి, "ఈ రికార్డు అచ్చులోనే ఏదో తేడా ఉంది, నీరసంగా పాడుతున్నారు" అని నాకు వినిపించాడు. రికార్డుకేం తేడా లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ మారుస్తుంది గానీ ఫ్రీక్వెన్సీ మార్చదు. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ఆ రోజుల్లో చాలా బెల్టు ప్లేయర్లలో వాడిన సింక్రనస్ ఏసీ మోటారు స్పీడు ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. అంటే 33⅓కి బదులు సుమారు 27.8 తిరుగుతుంది. శ్రుతి మూడు మెట్లు దిగిపోతుంది, అయిదున్నరలో పాడినది నాలుగులో వినిపిస్తుంది. అనుమానం వస్తే రికార్డు మీద చిన్న కాగితం ముక్క పెట్టి చుట్లు లెక్కపెట్టండి. మూడు నిమిషాల్లో సరిగ్గా 100 రావాలి. 83 దగ్గర ఆగితే ఇదే రోగం. 50 హెర్ట్జ్ కప్పీ దొరికే మోడలైతే అది మారిస్తే కుదురుతుంది, లేకపోతే తలనొప్పే. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్‌లకి ఈ బాధ లేదు, వోల్టేజీ సరిచేస్తే చాలు. అడాప్టరుతో డీసీ మీద నడిచే ఇప్పటి ప్లేయర్లకీ లేదు.

ఎర్రగడ్డ ఆదివారం సంతలోనూ, జుమేరాత్ బజార్లోనూ అప్పుడప్పుడూ పాత డ్యూయల్, లెంకో, ఫిలిప్స్ కంపెనీల ప్లేయర్లు కనిపిస్తుంటాయి. వాటిలో మంచివి ఉన్నాయి, మోటార్లు గట్టివి. కానీ అమ్మేవాడు పాట పాడించి చూపించాడని కొనకండి. ఆర్మ్‌ని చిటికెనవేలితో మెల్లగా కదిపి చూడండి, ఎక్కడా పట్టెయ్యకుండా, లొడలొడలాడకుండా జరగాలి. కార్ట్రిడ్జ్ మీద నంబరు చదివి, దానికి కొత్త ముల్లు ఇప్పుడు దొరుకుతుందో లేదో అక్కడే ఫోన్‌లో వెతకండి. దొరకకపోతే మీరు కొనేది ఫర్నిచర్. ముల్లు దొరికినా దాని ధర కలిపి బేరం చెయ్యండి, ఎందుకంటే దాంట్లో ఉన్న ముల్లుతో మీ రికార్డు ఒక్కటి కూడా వెయ్యకూడదు. ఆన్‌లైన్‌లో బేరమైతే డబ్బు పంపేముందు ప్లేయర్ వెనకవైపు వోల్టులూ హెర్ట్జూ రాసున్న ప్లేటు ఫొటో అడగండి. రేపు పంపుతా, ఎల్లుండి పంపుతా అంటే ఆ బేరం వదిలెయ్యండి.